మబ్బు చూసి లేపిన కంప్యూటర్లు

నాకు చదువు రాదు. అంకెలు తెలుసు, సంతకం పెడతాను, అదీ వంకరే. నేను చెప్తంటే మా మనవరాలు రాస్తంది. చెప్పింది చెప్పినట్టే రాయే గుంటా, సోకులు చెయ్యకు అన్నాను.

ముంచింగిపుట్టులో ఒక ఆఫీసులో మా ఆయన అటెండరు. ఆయన పోయేక అక్కడే నాకు తుడిచీ పని ఇచ్చేరు. రెండేళ్ళు మాట పడకుండా చేస్తే పర్మనెంటు ఆర్డరు వస్తదన్నారు. ఇద్దరు పిల్లలతో ఉన్నదాన్ని. నా ప్రాణమంతా ఆ ఆర్డరు మీదే ఉండీది.

మా ఆయన నాకు నేర్పిన ఆఫీసు పని ఒక్కటే. ఎదురు కొండ నెత్తి మీద మబ్బు నల్లబడితే తీగలన్నీ గోడలోంచి పీకీమనీవోడు. స్విచ్చి ఆపితే చాలదట. ఒకపాలి పిడుగు తీగమ్మట లోపలికొచ్చి ఆఫీసు ఫోను బొగ్గైపోయిందట. అప్పుడు ఆయన దాని పక్కనే ఉన్నాడు. ఆ సంగతి చెప్పినప్పుడల్లా చెవి తడుముకునీవోడు.

తరవాత రోజుల్లో ఆఫీసుకి ఐదు కంప్యూటర్లొచ్చేయి. డాబా మీద గొడుగులాటి డిష్షు పెట్టేరు. గది మూల ఒక పెట్టె, దాన్నించి అన్నిటికీ నీలం తీగలు. విశాఖపట్నం నుంచి వచ్చిన ఇంజినీరు బాబు అందరికీ చెప్తన్నాడు, నేను బకెట్టు దగ్గర గుడ్డ పిండుతూ విన్నాను.

"ఇవి ఆరిపోయినట్టు కనిపిస్తాయి గాని నిద్రలో ఉంటాయి. సంత రోజు మధ్యాన్నం మీరెవరూ ఉండరు కదా. అప్పుడు నేను విశాఖపట్నం నుంచే లేపి, కొత్త ప్రోగ్రాములు ఎక్కించి, మళ్ళీ పడుకోబెడతాను. కరెంటు మాత్రం తియ్యకండి."

నిజమే, సంత రోజు రెండయ్యేసరికి ఆఫీసు ఖాళీ. అల్లం అనీవోరు, చింతపండు అనీవోరు, సంచులు పట్టుకుని ఎళ్ళిపోయీవోరు. నేనొక్కదాన్నే కాపలా.

వేసంగి చివర్లో వరసగా మూడు సంతలు మబ్బేసింది. మూడుసార్లూ పీకీసేను. పెట్టెది కూడా. నాలుగోవారం హెడ్డు క్లర్కు గారికి ఫోనొచ్చింది, మీ కంప్యూటర్లు లేపినా లెగట్లేదని.

"ఏటమ్మా, సంత రోజు ఏటి సేత్తన్నావు నువ్వు?"

"తీగలు పీకుతున్నాను బాబూ. మబ్బేస్తంది గదా."

"పీకమని ఎవరు చెప్పేరు?"

"మా ఆయన."

అందరూ నవ్వేరు. టైపు చేసే ఆవిడైతే, "అయితే ఆఫీసు ఇంకా ఆయనే నడుపుతున్నాడన్నమాట" అంది. ఆ మాట చాన్నాళ్ళు గుచ్చుకుంది. హెడ్డు క్లర్కు గారు నవ్వలేదు. "ఇంకోసారి పీకేవంటే ఆర్డరు మాట మర్చిపో" అన్నారు.

తరవాత సంతకి ఎండగానే ఉంది. ఒక్కదాన్నే గుమ్మంలో కూచున్నాను. వెనకాల గుర్రుమని చప్పుడు. తిరిగి చూస్తే ఖాళీ కుర్చీల ముందు ఒక కంప్యూటరు వెలిగింది. దాని పక్కది వెలిగింది. ఒకటెనక ఒకటి ఐదూ లేచేయి. భయం వెయ్యలేదు సరికదా, మా ఆయన పొద్దున్నే పిల్లల్ని లేపడం గుర్తొచ్చింది. పెద్దదాని దుప్పటి లాగి, చిన్నోడి అరికాలు గీకి, ఇలాగే వరసమ్మట లేపీవోడు.

అలా చూస్తంటే గది చీకటయ్యింది. కొండ మీదకి మబ్బు దిగిపోయింది. ఉరిమింది. పీకితే ఆర్డరు పోతది. పీకకపోతే ఐదూ కాలిపోతాయేమో.

గోడకి ఇంజినీరు బాబు నంబరు అంటించి ఉంది. ఉరుముతుంటే ఫోను ముట్టుకోడానికి చెయ్యి రాలేదు. అయినా తిప్పేను.

"నేను తుడిచీదాన్ని బాబూ. ఇక్కడ మబ్బు దిగింది. బేగి పడుకోబెట్టీండి."

"ఇక్కడ ఎండ మండిపోతోంది కదమ్మా!"

"మీ ఎండ మాకెందుకు బాబూ."

"పది నిమిషాలు ఆగలేవా?"

"నేను ఆగుతాను. పిడుగు ఆగుతదా?"

ఆ బాబు నవ్వీసేడు. "సరే, ఆపేస్తాను. మధ్యలో లాగితే పాడైపోతాయి. ఏది ఆరితే దాని తీగ మాత్రం తియ్యి. పెట్టెది ఆఖర్న" అన్నాడు.

ఒకటి ఆరింది, పీకేను. రెండు, మూడు, నాలుగు. ఐదోది ఆరట్లేదు. దాని తీగ మీద చెయ్యేసుకుని నిలబడ్డాను. మెరుపుకి గదంతా తెల్లబడింది. నా చెయ్యి లాగబోయింది, నేనే పట్టుకున్నాను. ఎంతసేపో ఏటో, ఆరింది. దాన్నీ పెట్టెనీ ఒక్క గుంజు గుంజీసేను.

పిడుగు పడనే లేదు. మబ్బు ఒడిశా వైపు ఎళ్ళిపోయింది.

మర్నాడు నేనే హెడ్డు క్లర్కు గారి ముందు నిలబడి, మళ్ళీ పీకేను బాబూ అని చెప్పీసేను. ఆయన మొహం ఎర్రబడింది. ఏదో అనబోతుంటే ఫోను మోగింది. అవతల ఇంజినీరు బాబు. ఈయన చాలాసేపు ఊఁ, ఊఁ అన్నారు. పెట్టీసి నాకేసి వింతగా చూసేరు.

"ఇక మీద లేపే ముందు ఫోన్ చేస్తాడట. మబ్బుందో లేదో నువ్వు చెప్పాలట."

అలా ప్రతి సంతకీ ఫోనొచ్చీది. "అమ్మా, లేపొచ్చా?" అనీవోడు. గుమ్మంలోకెళ్ళి కొండ చూసొచ్చి, "లేపండి బాబూ" అనీదాన్ని. ఓ రోజు "సంతలో ఏం కొన్నావమ్మా?" అన్నాడు. "మీ పిల్లలకి కాపలా ఉంటే ఇంక సంతేటి నాకు!" అన్నాను. ఇప్పటికీ మధ్యాన్నం ఎక్కడైనా ఫోను మోగితే ముందు నా కళ్ళు ఆకాశానికే పోతాయి.

ఆర్డరు ఒక సంత రోజే వచ్చింది. హెడ్డు క్లర్కు గారు ఆగి మరీ సంతకం పెట్టించుకుంటన్నారు. వంకరగా సగం పెట్టేనో లేదో ఫోను మోగింది. ఆయనే ఎత్తేరు. ఎత్తి, కిటికీలోంచి కొండకేసి చూసేరు. ఇంకోపాలి చూసేరు. ఏటీ తేల్చుకోలేక రిసీవరు నా చేతిలో పెట్టీసేరు.