సత్తు బాణాలు తిప్పే పీట

అల్లావుద్దీన్ బందరులో గొడుగులు, సత్తు గిన్నెలు బాగుచేసుకుని బతికేవాడు. మాట పెళుసు గానీ పని నునుపు. పీర్ల పండుగలో ఊరేగించే దుల్‌దుల్ గుర్రం మీద కప్పే తెల్లగుడ్డకు గుచ్చే సత్తు బాణాలు అతను చేసినవే. ఊరేగింపు తోపులాటలో అవి ఏటా వంగిపోయేవి. వాటిని సాపు చెయ్యడానికి అతనే ఒక బల్ల తయారుచేశాడు. బల్ల మీద రెండు కొయ్యలు, పైన ఓ సూది, పక్కన నొక్కే మర. కొయ్యల మీద పెట్టిన బాణాన్ని ఒకరు మెల్లగా తిప్పుతుంటే, సూదికి తగిలిన చోట వంపు ఉన్నట్టు. అక్కడ ఇంకొకరు మర బిగించి నొక్కాలి. ఒంటి మనిషికి అయ్యే పని కాదు. బల్ల ముందు పీట వేసుకుని తిప్పేది ఎప్పుడూ అతని భార్య బషీరాయే. ఆమె పీట మీద ఇంకొకరు కూర్చున్నది లేదు.

ఆ ఏడు దీపావళి వెళ్ళాక బషీరా చెల్లెలి పురుడుకని నాగాయలంక వెళ్ళింది. వారం తిరక్కుండానే దివిసీమను ఉప్పెన ముంచేసింది. నీళ్ళు తీసేసరికి చెల్లెలి ఇంటి గోడలు కూడా మిగల్లేదు. శవాలను కుప్పలు వేసి కిరసనాయిలు పోసి తగలబెట్టారు. ఎవరు ఎవరో చూసే ఓపిక ఎవరికుంది? అల్లావుద్దీన్ ఆ బురదంతా తిరిగి వట్టి చేతులతో వచ్చాడు.

పీర్ల చావిడి పెద్ద జలాలుద్దీన్ గారు పలకరించడానికి వచ్చారు.

"బషీరా పేరున ఫాతిహా చదివిద్దాం నాయనా."

"బతికున్న మనిషికి ఫాతిహా ఏంటండీ? వస్తుంది" అని కసిరాడు అల్లావుద్దీన్.

పిచ్చెక్కిందన్నారు జనం. నరంలేని నాలుక ఎటైనా తిరుగుతుంది. బషీరా పోయిందని ఒప్పుకుంటే ఆ మంటల్లో కాలిందనీ ఒప్పుకోవాలి. గుప్పెడు మట్టి వెయ్యడానికి సమాధి లేదనీ ఒప్పుకోవాలి. అది అతని వల్ల కాలేదు.

పండుగ దగ్గరపడింది. ఉప్పెన నాటి గాలివానకే చావిడి గోడ కూలి, దాచిన బాణాలన్నీ వంకర్లు పోయాయి. జలాలుద్దీన్ గారు వాటిని మోపు కట్టి తెచ్చి, తిప్పడానికి మనిషిని పంపుతానన్నారు.

"వద్దండీ. బషీరా వచ్చి తిప్పుతుంది."

మోపు కట్టు విప్పకుండా అలాగే పడి ఉంది.

ఒక మధ్యాహ్నం చేపల కోటమ్మ సొట్టపోయిన సత్తు గిన్నె పట్టుకుని వచ్చింది. మంగినపూడి పక్క పల్లె ఆమెది. బషీరాకు ఏళ్ళ తరబడి చేపలు పోసిన మనిషి. చుట్టాలను చూడ్డానికి దివిసీమ వెళ్ళిన ఆమె మొగుడు ఎల్లయ్య ఉప్పెనలో పోయాడు.

"బషీరమ్మ ఏదండీ సాయిబు గారూ?"

"నాగాయలంక నుంచి ఇంకా రాలేదు."

కోటమ్మకు అర్థమైంది. గుమ్మంలో చతికిలబడింది.

"మా ఎల్లయ్యని అందరితో కలిపి తగలేశారండీ. నా కళ్ళారా చూశాను. చూసొచ్చి కూడా రోజూ ఆయన కంచంలో అన్నం పెట్టి కూర్చునేదాన్ని. తెల్లారేసరికి కుక్క తినిపోయేది."

"ఇప్పుడూ పెడుతున్నావా?"

"నిన్న పెట్టలేదండీ."

అల్లావుద్దీన్ లేచాడు. మోపు విప్పి, ఒక బాణం కొయ్యల మీద పెట్టాడు. బషీరా పీట ముందుకు జరిపాడు.

"కూర్చో కోటమ్మా. దీన్ని మెల్లగా తిప్పు."

ఆమె తిప్పింది. వంపు దొరికిన చోటల్లా అతను మర బిగించాడు. బాణం సాపుగా వచ్చింది. దాన్ని అక్కడే వదిలేసి, చెప్పులైనా తొడుక్కోకుండా చావిడికి నడిచాడు.

"బషీరా పోయిందండీ. ఫాతిహా చదివించండి" అన్నాడు. అని, అరుగు మీద కూలబడి పసివాడిలా ఏడ్చాడు. జలాలుద్దీన్ గారు భుజం మీద చెయ్యి వేశారు.

"సమాధి లేదు కదండీ" అన్నాడు అల్లావుద్దీన్. "ఫాతిహాకి నన్ను ఎటు తిరిగి కూర్చోమంటారు?"