మేడ మీద మూల ఖంబా

మా అత్తయ్యకు చూపు ఒక్కరోజులో పోలేదు. నీటికాసులని డాక్టరు తేల్చేనాటికే అంచుల నుంచి చీకటి కమ్ముకుంటూ వచ్చింది. చివరికి ఎండకూ నీడకూ తేడా తెలియడం ఒక్కటే మిగిలింది. అయినా మేడ మీద పొద్దుటి నడక మానలేదు. ఎడమచెయ్యి పిట్టగోడ మీద ఆనించి, చెప్పులు లేకుండా, నాలుగు వైపులా తిరిగేది. మూసీకి దగ్గర్లో, కార్వాన్‌లోని మా ఇల్లు పాతది. పైఅంతస్తు వంటింట్లో నేను ఆఫీసుకు డబ్బా సర్దుకుంటుంటే, నా తలపైన ఆవిడ అడుగులు దూదిమీద పడుతున్నట్టు వినిపించేవి.

కిందటి వానాకాలంలో ఒక మధ్యాహ్నం వెనకవైపు పిట్టగోడ, దాన్ని ఆనుకున్న పక్కవైపు పిట్టగోడ, మూలతో సహా కూలిపోయాయి. అదృష్టం బాగుండి కింద సందులో ఎవరూ లేరు. మేస్త్రీ వచ్చి చూసి, ఈ పాత కప్పు మళ్లీ ఇటుకగోడ బరువు మొయ్యదన్నాడు. మా ఆయన మేడ తలుపుకు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని పత్తర్‌గట్టిలోని తన బట్టల దుకాణానికి వెళ్లిపోయాడు.

అత్తయ్య రోజూ పొద్దున్నే మెట్లెక్కి, మూసిన తలుపు దగ్గర, చివరి మెట్టు మీద కూర్చునేది. తలుపు కింది సందులోంచి సన్నగా గాలి వచ్చేది. దాన్లో పాదాలు పెట్టుకునేది.

పదిరోజులు చూసి, ఒకనాడు వెళ్లి పక్కన కూర్చున్నాను.

"అత్తయ్యా, రండి కిందికి. టీ చల్లారిపోతోంది."

"నువ్వు పో బిడ్డా. నేను జెరసేపు కూసుంట. ఈడ కూసుంటే పైన ఉన్నట్లే ఉంటది."

నా పుట్టిల్లు కోస్తా వైపు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆవిడ యాస నాకు రాలేదు, నా యాస ఆవిడకు అంటలేదు. కానీ ఒకరి మాట ఒకరికి అందకపోవడం ఎప్పుడూ లేదు. ఆవేళ ఆఫీసుకు సెలవు పెట్టి అఫ్జల్‌గంజ్ వెళ్లాను.

ఇనుప జాలీలు అమ్మే ఒక దుకాణం ముందు పెద్దాయన ఒకాయన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. తెల్లగడ్డం, మోచేతుల దాకా మడిచిన చొక్కా. జాలీలు బిగించే పని ఆయనదే. నేను సంగతంతా చెబితే, నా ముఖం వైపు కాకుండా నా మాట వైపు చూస్తున్నట్టు తల వంచి విన్నాడు.

"గోడ ఎందుకమ్మా, జాలీ పెడదాం. తేలికగుంటది, గాలొస్తది. ఫికర్ చెయ్యకు, నేనే వచ్చి బిగిస్త."

నేను ఆయన్ని చాచా అని పిలవడం మొదలుపెట్టాను.

మా ఆయన దగ్గర తాళంచెవి అడిగి తీసుకుని, పని జరిగినన్నాళ్లూ మేడ తలుపు నేనే తీశాను. రెండు రోజుల్లో చాచా, కప్పు కింది దూలాల మీద బరువు పడేలా ఇనుప స్తంభాలు, ఆయన మాటలో ఖంబాలు, నిలబెట్టి జాలీ తగిలించాడు. మూడో రోజు మూల ఖంబా పని మిగిలింది. ఆ ఉదయం వాన వెలిసి, మబ్బు ఇంకా విడవక, వెలుగు పాలలో ముంచి తీసిన మల్లుగుడ్డలా ఉంది. ఎక్కడిదో పావురాల గుంపు ఒకే చోట తిరుగుతోంది, రెక్కల చప్పుడు మాత్రం ఆలస్యంగా మా దాకా వస్తోంది. అత్తయ్య వచ్చి తలుపు గడప మీద కూర్చుంది. పానా, బోల్టులు అందించే పని నాది.

"నడుమ ఖంబాలు ఊరికే నిలబడితే సాలు," అన్నాడు చాచా. "మూల ఖంబా రెండు దిక్కుల గుంజుడు తట్టుకోవాలె. దీన్ని సక్కగ బిగించకుంటే జాలీ అంత సడలిపోతది."

రెండు వైపులా జాలీ చివరి కళ్లల్లోంచి ఒక్కో పొడుగాటి ఇనుప బద్దను పైనుంచి కిందికి గుచ్చాడు. ఆ బద్దలను పట్టి ఉంచేందుకు ఖంబా చుట్టూ పట్టీలు తొడిగాడు, ఒక్కో వైపుకు నాలుగు. ఒక్కో పట్టీకి ఒక బోల్టు, ఒక నట్టు. ఎనిమిదీ బిగించేసరికి జాలీ తంబుర తీగలా బిగుసుకుంది.

"అయిందా? నన్ను ఒక్కసారి ముట్టుకోనియ్యి," అంది అత్తయ్య.

చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. జాలీ మీద అరచెయ్యి ఆనించి ఆవిడ నడిచింది. ముఖంలో నవ్వు మొదలవుతూనే, మూల దగ్గర "స్స్" అని చెయ్యి వెనక్కి లాక్కుంది. నట్టు దాటి పొడుచుకొచ్చిన బోల్టు మొన అరచేతిని గీసింది. గీత వెంట సన్నటి నెత్తురు.

చాచా ముఖం పాలిపోయింది. "తోబా! తప్పు నాదే అక్కా. అందరికీ గిట్లనే బిగిస్త, గుండు బయట, నట్టు లోపల. బయటోడు విప్పకుండ. నీ చెయ్యి నా దిమాగుల లేకపాయె."

ఆవిడ వద్దంటున్నా వినకుండా ఎనిమిది బోల్టులూ విప్పేశాడు. గుండ్రటి తలలు లోపలికి, నట్లు బయటికి తిప్పి పెట్టాలి. అంటే ఆయన కంచె మీంచి అవతలికి వంగాలి. కింద రెండంతస్తుల లోతు. తాడు తెచ్చి ఆయన నడుముకు కట్టి, రెండో కొసను తలుపు పక్కనున్న సిమెంటు దిమ్మకు రెండు చుట్లు తిప్పాను.

"కొస నాకియ్యి, నేను పట్టుకుంట," అంది అత్తయ్య.

"మీరెందుకు అత్తయ్యా, చెయ్యి గీసుకుంది కదా!"

"కండ్లు పోయినయి గని చేతులు పోయినయా ఏంది?"

గడప మీద కాళ్లు తన్నిపెట్టి, రెండు చేతులా తాడు పట్టుకుంది. నేను లోపలినుంచి బోల్టు తలను బొటనవేలితో నొక్కి ఉంచాను. ఆయన అవతలికి వంగి నట్టు తిప్పాడు. అయిదో నట్టు ఆయన వేళ్లల్లోంచి జారింది. ఒక క్షణం చప్పుడు లేదు. తర్వాత ఎక్కడో ఒక చిన్న మోత.

"రేకుల మీద పడ్డది," అంది అత్తయ్య, తల పక్కకు వంచి. "ఆడికెల్లి దొర్లి నీళ్లల్ల పడ్డది. బట్టలుతికే బండ కాడ చూడు, పో."

ఆయన్ని ఇవతలకి వచ్చి కూర్చోమని కిందికి వెళ్లాను. నట్టు నిజంగానే బండ పక్కన, వాననీటి గుంటలో ఉంది. తిరిగి మెట్లెక్కుతుంటే పైనుంచి వాళ్ల మాటలు వినిపించాయి.

"అన్నా, ఆ మూలకెల్లి ఏం కనబడుతున్నది?"

"మూసీ కనబడుతున్నది అక్కా. నీళ్లు మస్తున్నయి, తేటగ. ఇసుకల కర్బూజ తీగలు పారినయి."

"బట్టలు ఆరేసిన్రా?"

"ఆరేసిన్రు. తెల్లయి, పచ్చయి. ఒక ఎర్ర చీరె గాలికి లేస్తున్నది. ఇద్దరు ఆడోళ్లు దాని ఎంబడి ఉరుకుతున్నరు."

అత్తయ్య నవ్వింది. "గా ఎర్రది నా చిన్నప్పటి సంది ఆరుతనే లేదు అన్నా."

మెట్ల మీదే నిలబడిపోయాను. మా మేడ మూల నుంచి కనిపించేవి నల్లటి నీళ్ల ట్యాంకులు, కేబుల్ వైర్లు, సున్నం లేని గోడలు. నది ఎప్పుడో వాటి వెనక్కి వెళ్లిపోయింది. అయినా ఆ క్షణాన తడి ఇసుక వాసన, పండిన కర్బూజ వాసన నాకు తగిలాయి. పైకి వెళితే పోతాయేమోనని నట్టు పిడికిట్లో పెట్టుకుని ఇంకాసేపు అక్కడే ఉన్నాను.

మిగిలిన బోల్టులు బిగించి, చాచా గోడ పట్టుకుని మెట్లు దిగడం గమనించాను. కింద వాకిట్లో ఆపి అడిగాను.

"చాచా, మా అత్తయ్యకు లేనివన్నీ ఎందుకు చెప్పారు?"

ఆయన పానాను గుడ్డతో తుడుస్తూ నిలబడ్డాడు.

"నాకు మోతియా వచ్చిందమ్మా, కండ్లకు పొర. రెండు గజాల అవతల అంత పాలలెక్క తెల్లగుంటది. అక్క అడిగింది. ఆ తెలుపుల నాకు ఏం కనబడ్డదో అదే చెప్పిన."

"మరి అంత చిన్న నట్లు ఎలా బిగించారు?"

"వేళ్లకు ఎరుకైతది. నీకు భయమైతే పో, ఊపి చూడు."

సిగ్గుపడుతూనే మేడెక్కి, బరువంతా వేసి మూల ఖంబాను తోశాను. కదల్లేదు. బోల్టుల తలల మీద చెయ్యి రాశాను, నదిలో గులకరాళ్లలా నున్నగా ఉన్నాయి.

ఆయన్ని నేను వదల్లేదు. నాలుగుసార్లు ఫోన్ చేసి, చివరికి వెంటబెట్టుకుని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. పొర తీసేశారు. కట్టు విప్పిన రోజు ఆయనే ఫోన్ చేశాడు: "బోల్టు మీద మరలు లెక్కపెడుతున్ననమ్మా!" అని. అది నెల తర్వాతి మాట.

కంచె పూర్తయిన మరునాటి పొద్దున మాత్రం మా ఆయనే తాళం తీశాడు. అత్తయ్య జాలీ మీద చెయ్యి వేసి నడక మొదలుపెట్టింది. ఆయనకు నమ్మకం కుదరక, రెండు చేతులూ కొంచెం ముందుకు చాచి, అడుగు దూరంలో ఆవిడ వెనకే నడిచాడు. రెండో చుట్టులో ఆవిడ ఆగింది.

"నా ఎనక కోడిపిల్ల లెక్క ఏందిరా? పో, దుకాణం తెరుచుకోపో."

"పోతనే అమ్మా," అన్నాడాయన. ఆవిడ మళ్లీ కదిలింది, ఆయనా కదిలాడు. ఆ పొద్దున మా దుకాణం చాలా ఆలస్యంగా తెరుచుకుంది.