ముందే వచ్చిన పుట్టింటి చీర

మొదట అరచేతుల్లో దురద మొదలైంది. సిరిసిల్లలో మా ఇంటి ముందుగదిలో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడతాను. ఆ రోజు పెళ్లివాళ్ల జాకెట్లు చేతిలో ఉన్నాయి. గుడ్డ జరపడానికి చెయ్యి ఆనిస్తే చాలు, గోక్కోవాలనిపించేది. సాయంత్రానికి అరికాళ్లకూ వచ్చింది. అంతకు ముందు నుంచే అన్నం తిన్నాక కుడివైపు పక్కటెముకల కింద పట్టేసినట్టు నొప్పి వచ్చి పోతుండేది. గ్యాస్ అనుకుని సోడా తాగేదాన్ని.

మా ఆయన సాంచాల మీద పనిచేస్తాడు. సాంచాలంటే మరమగ్గాలు. మనిషి మంచివాడే, కానీ ఇంట్లో ఉప్పు అయిపోయినా ముందు వాట్సాప్ గ్రూపులో చెప్పాలి. ఆ గ్రూపు పేరు 'మన కుటుంబం మన బలం'. పెట్టింది మా బావ, అంటే మా ఆయన పెద్దన్న. జగిత్యాలలో ఉంటాడు. రోజూ పొద్దున్నే సూర్యుడి బొమ్మ మీద ఒక జీవిత సత్యం రాసి పంపుతాడు. మౌనం గొప్పదని పంపిన రోజు కూడా మధ్యాహ్నం దాకా వాయిస్ మెసేజీలు ఆగవు. నా దురద సంగతి మా ఆయన అందులో పెట్టాడు. అరచెయ్యి దురద పెడితే పైసలొస్తాయని ఒకరు, పెళ్లి బట్టలు కుడుతోంది కదా దిష్టి తగిలిందని ఇంకొకరు, వంకాయ మానమని దుబాయ్‌లో ఉన్న మరొకరు. డాక్టరుకు చూపించమని ఒక్కరూ అనలేదు.

తర్వాత కళ్లు పచ్చబడ్డాయి. మూత్రం డికాక్షన్ రంగులో వచ్చింది, మలం సున్నం కలిపిన మట్టిలా తెల్లగా. ఇవి రాయడానికి నాకు సిగ్గు లేదు. చదివేవాళ్లలో ఎవరికైనా ఇలాగే ఉంటే తెలియాలి. మా వైపు కామెర్లను పస్కలంటారు. అవునో కాదో తేల్చడానికి మూత్రంలో నాలుగు అన్నం మెతుకులు వేసి చూడమని బావ చెప్పాడు. మెతుకు పచ్చబడితే పస్కలే. మా ఆయన ప్లాస్టిక్ గ్లాసులో అదీ చేశాడు. చేసి ఊరుకోలేదు, ఫొటో తీసి గ్రూపులో పెట్టాడు. దాని కింద బొటనవేళ్లు, దండాలు. ఫొటో సరిగా లేదు, వెలుతురులో ఇంకొకటి తియ్యమని దుబాయ్ నుంచి సూచన. ఆ వెంటనే ఎవరో గులాబీలతో గుడ్ మార్నింగ్. ఇదంతా నేను బాగైన తర్వాత చూశాను.

గ్రూపులో అందరూ ఒకటే మాట, పసరు తాగించమని. ప్రతివాళ్లకూ పసరుతో బాగైన బావమరిదో పిన్నో ఉన్నారు. మా పుట్టిల్లు కోరుట్ల. అక్కడ అమ్మ బీడీలు చుడుతుంది. నన్ను అక్కడికి తీసుకెళ్లి, మల్లాపూర్ వైపు ఒక ఊళ్లో పరగడుపున పసరు పోయించారు. ఉప్పు, నూనె బంద్. మజ్జిగన్నం మాత్రమే. పథ్యం నడిచినన్ని రోజులు ఒంట్లో సూది పడకూడదు, పడితే మందు వికటిస్తుందని కట్టడి. రక్తపరీక్ష చేయిద్దామని నేనే అడిగాను. అది కూడా సూదే కదా అన్నారు. మా ఆయన మళ్లీ గ్రూపును అడిగితే బావ వాయిస్ పంపాడు. "దవాఖానకు పోతె గ్లూకోజు ఎక్కిస్తరు. పస్కలున్నోళ్లకు గ్లూకోజు ఎక్కితే మనిషి దక్కది. పథ్యం అయినంక పోదురు తీ." అంత నమ్మకంగా చెప్పేవాడికి వైద్యం తెలిసే ఉంటుందని మా ఆయన అనుకున్నాడు. బావకు తెలిసింది ఫార్వర్డ్ బటన్ ఒక్కటే.

పథ్యంతో సగమయ్యాను. దురద తగ్గలేదు. దువ్వెనతో వీపు గీరుకుంటే చారలు పడి నెత్తురు వచ్చేది. సిరిసిల్లకు తిరిగొచ్చాక ఒక మధ్యాహ్నం చలి మొదలైంది. ఇంట్లో ఉన్న చెద్దర్లన్నీ కప్పినా పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. కుడివైపు నొప్పి వీపులోకి పొడుచుకుపోతోంది. మా ఆయన మంచం కాళ్ల దగ్గర నిలబడి టైపు చేస్తున్నాడు.

"అన్న ఏమంటడో సూత్త, జర ఆగు" అన్నాడు.

"నన్ను సూడు. ఫోన్ల ఏమున్నది? సచ్చేది నేను" అన్నాను.

అప్పుడు నా మొహం వైపు చూశాడు. అన్ని రోజుల్లో నన్ను సరిగా చూడటం అదే మొదలు. ఫోన్ జేబులో పెట్టి ఆటో తెచ్చాడు.

సిరిసిల్ల హాస్పిటల్‌లో డ్యూటీ డాక్టర్ కనురెప్ప కిందికి లాగి చూశాడు. పొట్ట మీద చెయ్యి నొక్కితే కేక పెట్టాను. ఇన్నాళ్లూ ఏం చేశారని అడిగితే మా ఆయన పసరు సంగతి చెప్పాడు. డాక్టర్ తిట్టలేదు, పెన్ను మూసి అల్ట్రాసౌండ్‌కు పంపాడు. అది చూసి గ్లూకోజు పెట్టి కరీంనగర్ వెళ్లమన్నారు. ఎక్కకూడదన్న గ్లూకోజు బాటిల్ అంబులెన్స్‌లో నా తల మీదే ఊగుతూ వచ్చింది. నా ప్రాణం పోలేదు.

కరీంనగర్‌లో గ్యాస్ట్రో డాక్టర్ మాకు అర్థమయ్యేలా చెప్పాడు. "గాల్ బ్లాడర్ నుంచి రాయి జారి సీబీడీల, అంటే పైత్యం గొట్టంల ఇరుక్కున్నదమ్మా. పైత్యం దిగే తొవ్వ బందైంది. అందుకే పచ్చదనం, దురద. ఇప్పుడు ఇన్ఫెక్షన్ రక్తంలకు పోతున్నది." కామెర్లన్నీ ఒకటి కాదట. కొన్ని వైరస్ వల్ల వచ్చి వాటంతటవే తగ్గుతాయి. అప్పుడు పసరు తాగినవాళ్లు పసరు వల్ల తగ్గిందంటారు. రాయి అడ్డం పడితే పసరు ఏం చేస్తుంది? ఈఆర్‌సీపీ చేసి, నోట్లో నుంచి గొట్టం పంపి రాయి తీసి స్టెంట్ వేశారు. ఆ తర్వాత బీపీ పడిపోయింది. నన్ను ఐసీయూలోకి మార్చారు.

ఇక గ్రూపు సంగతి. ఐసీయూ ముందు నుంచి మా ఆయన 'సీరియస్ ఉన్నది' అని ఒక్క మాట పెట్టాడు. ఆ వెంటనే అతని ఫోన్ చార్జింగ్ అయిపోయింది. బావ ఊరుకుంటాడా? ఏదో ఫంక్షన్‌లో దిగిన నా ఫొటో వెతికి, చుట్టూ పూలు పెట్టి, 'జీవితం నీటి బుడగ, మనిషి ఉన్నప్పుడే విలువ తెలుసుకోండి' అని రాసి పంపాడు. అది చూసి ఎవరో 'ఓం శాంతి' అన్నారు. ఇక వరస. ఒక్కరు ఫోన్ చేసి కనుక్కోలేదు. అన్నిటికంటే రోత పుట్టించేది ఏమిటంటే, అందరూ పెడుతున్నారంటే నిజంగానే పోయి ఉంటుందనుకుని, తన పోస్టు కింద బావ తనే చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు.

కోరుట్లలో అమ్మకు ఫోన్ లేదు. గ్రూపులో ఉన్న మా పిన్ని ఏడుస్తూ వెళ్లి చెప్పింది. వాడలో బీడీలు చుట్టే ఆడవాళ్లు చాటలు అక్కడే వదిలేసి వచ్చారట. మా వైపు పెళ్లయిన ఆడమనిషి పోతే పుట్టింటివాళ్లు చీర, పసుపు కుంకుమ, గాజులు తేవాలి. చివరికి ఆ చీరే కట్టి సాగనంపుతారు. అమ్మ దుకాణంలో ఏడుస్తూనే చీర కొని, సంచిలో పెట్టుకుని కరీంనగర్ బస్సెక్కింది.

అమ్మ వచ్చేసరికి ఐసీయూ బయట మా ఆయన చాయ్ తాగుతున్నాడు.

"నా బిడ్డ పోతే నీకు చాయ్ ఎట్ల దిగుతాంది అల్లుడా?"

"ఎవలు పోయిన్రు అత్తా? ఇప్పుడే కండ్లు తెరిసింది."

అమ్మ సంచి మూతి ముడేసి పట్టుకుందట. లోపలికి పంపినప్పుడు నా పాదం పట్టుకుని నిలబడింది. సంచిలో ఏముందని అడిగాను. "పండ్లు బిడ్డా" అంది.

జ్వరం దిగింది, కళ్లు తెల్లబడ్డాయి. ఒళ్లు కాస్త కుదుటపడ్డాక లాప్రోస్కోపీ చేసి గాల్ బ్లాడర్ తీశారు, స్టెంట్ కూడా తీసేశారు. ఇంటికొచ్చి మంచం మీద పడుకుని నా చావు కబురు మొత్తం చదువుకున్నాను. మా ఇంట్లో గ్లాసు మంచినీళ్లు కూడా తాగని వాళ్లు, నవ్వుతూ పలకరించే మనిషి అని రాశారు. నేను బతికే ఉన్నానని తెలిసిన మర్నాడు బావ సూర్యుడి బొమ్మ మీద పంపిన సత్యం, క్షమించడం గొప్ప గుణమని. ఛీ అనిపించింది. తర్వాత ఆపిల్ పండ్లు పట్టుకుని చూడటానికి వచ్చి, పసరు కూడా లోపల ఎంతో కొంత పనిచేసే ఉంటుందని చెప్పి వెళ్లాడు. వాకిలి తలుపు నేనే వేశాను.

సంచి సంగతి అమ్మ తర్వాత ఒప్పుకుంది. ఆ చీర ఏం చేయాలన్నదాని మీద కూడా గ్రూపులో చర్చ నడిచింది. ధర్మపురి పోయి గోదావరిలో వదలాలని కొందరు, కాల్చేయాలని కొందరు, ఎవరికైనా ఇచ్చేయమని కొందరు. మా ఆయన మాత్రం గ్రూపును అడగకుండా అంచు వేళ్లతో రాసి చూసి, నేత మంచిగుందన్నాడు. దానికి జాకెట్ నేనే కుట్టుకున్నాను. మొన్న చెకప్‌కు అదే కట్టుకుని వెళ్లాను. లివర్ పరీక్ష, అదే ఎల్ఎఫ్‌టీ, నార్మల్. హాస్పిటల్ మెట్ల మీద ఫొటో దిగి, కింద ఒక్క అక్షరం రాయకుండా గ్రూపులో పెట్టాను. ఆ రోజు ఎవరూ ఏమీ అనలేదు, బావ కూడా.

నేను చెప్పేది ఒక్కటే. ఇంట్లో ఎవరికైనా కళ్లు పచ్చబడితే ఆ రోజే రక్తపరీక్ష, పొట్ట స్కాన్ చేయించండి. చలిజ్వరం, నొప్పి కూడా ఉంటే పథ్యం ముగిసే దాకా ఆగకండి, నేరుగా పెద్ద హాస్పిటల్‌కు వెళ్లండి. ఎవరి అభిప్రాయమైనా రిపోర్టు చేతికొచ్చాక వినవచ్చు.

చీర ఆకుపచ్చది, ఎర్రంచు. అంత ఏడుపులోనూ అమ్మ నాకు నప్పే రంగే ఏరింది.