వదినగారు బతికించినవాళ్ళు

లైబ్రరీ పుస్తకంలో పెన్సిలు గీత కనపడితేనే నాకు ఒళ్ళు మండుతుంది. అలాంటి నేను, పుస్తకాలకి పుస్తకాలే మార్చేసిన మనిషికి రెండేళ్ళపాటు వత్తాసు పలికాను. ఆవిడ గురించే ఇప్పుడు చెప్పబోయేది.

అందరం ఆవిడని వదినగారనే పిలుస్తాం. చొక్కాలు కుట్టే కంపెనీలో ముప్ఫై ఏళ్ళు కాజాలు కుట్టారు. చదివింది ఏడో తరగతి. యాభై ఆరేళ్ళు వచ్చేదాకా ఆవిడ విప్పి చూసిన పుస్తకం బ్యాంకు పాసుపుస్తకం ఒక్కటే. భర్త తీరు వేరు. ఆయన నలభై ఏళ్ళు ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దారు. ప్రూఫుగారు అంటేనే నలుగురికీ తెలుస్తుంది. ఎవరైనా శుభలేఖ చేతిలో పెడితే ముందు తప్పులు చెప్పి, ఆ తరవాత పెళ్ళెప్పుడని అడిగే రకం.

శనివారం నాలుగింటికి మా లైబ్రరీ వెనకగదిలో ఐదుగురం చేరి, ఆ వారం చదివిన పుస్తకం గురించి మాట్లాడుకుంటాం. మాట్లాడుకుంటాం అనేది మర్యాదకి. నిజానికి పోట్లాడుకుంటాం. లెక్కల మాస్టారికి నవలలంటే పడదు. మూడొందల పేజీల అబద్ధం చదివే ఓపిక నాకు లేదంటారు. ఉప్పు చరిత్ర, నిద్ర మీద పరిశోధన, ఇలాంటివైతే ప్రాణం. బ్యూటీ పార్లర్ నడిపే పార్లరమ్మ, తనని ఏడిపించని పుస్తకం పుస్తకమే కాదంటుంది. రిటైరైన పోస్టుమాన్ గారు ఏ నవలనైనా ఆఖరి పేజీతో మొదలుపెడతారు. మనం సగంలో ఉండగా వచ్చి ముగింపు చెప్పేసి చక్కా పోతారు. మిగిలింది ప్రూఫుగారూ, లైబ్రేరియన్నైన నేనూ.

అరవై రెండో ఏట ప్రూఫుగారికి కంటి నరం దెబ్బతింది. ఆరు నెలల్లో చూపు మొత్తం పోయింది. మూడు శనివారాలు ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. నాలుగో శనివారం వదినగారి భుజం మీద చెయ్యి వేసుకుని వచ్చి కూర్చున్నారు. ఆ వారం నవల మీద ఎప్పట్లాగే విరుచుకుపడ్డారు. రోజూ మధ్యాహ్నం వదినగారే చదివి వినిపించారట. మొదట్లో వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివితే, ఒత్తులు వదిలేసినప్పుడల్లా ఆయన మంచం మీంచే దిద్దేవారట. ఏడో తరగతి మాస్టారే నయం, ఆయన పీరియడ్ అయిపోగానే వెళ్ళిపోయేవాడు అనేవారు వదినగారు.

కొన్నాళ్ళకి రేవులో పడవ నడిపే అమ్మాయి నవల వచ్చింది. అందరికీ నచ్చింది. ప్రూఫుగారు మాత్రం మొహం చిట్లించారు.

"ఆఖర్న చెడగొట్టాడయ్యా! అంత వరదలో పడవ తిరగబడితే, ఆ పిల్ల ఒడ్డుకి ఈదుకొచ్చి, వారం తిరక్కుండా హోటల్ పెట్టడమేంటి? చెవిలో పువ్వులు కాకపోతే!"

నవల్లో ఆ పిల్ల ఒడ్డుకి రాదు. శవం కూడా దొరకదు. పార్లరమ్మ అది చదివి రెండ్రోజులపాటు కనుబొమలు తీయించుకునేవాళ్ళతో సహా ఏడిచింది.

"హోటలెక్కడిది అన్నయ్యగారూ?" అని పోస్టుమాన్ గారు మొదలుపెట్టారో లేదో, ప్రూఫుగారి వెనకాల నిలబడ్డ వదినగారు మాకందరికీ కలిపి రెండు చేతులూ జోడించారు.

నవలంటేనే గిట్టని లెక్కల మాస్టారు అప్పుడు ఆదుకున్నారు. "రెండో ముద్రణలో మార్చారటలెండి. మీకు ఆ కాపీ వచ్చుంటుంది."

"అదీ సంగతి! రెండో ముద్రణలోనే తప్పులెక్కువ దొర్లుతాయి," అన్నారు ప్రూఫుగారు.

ఆయన్ని రిక్షాలో కూర్చోబెట్టి, వదినగారు సంచీ మరిచిపోయానని మళ్ళీ మెట్లెక్కి వచ్చారు.

"తప్పే తమ్ముడూ. కానీ ఆయన చీకట్లో పడుకుని వింటున్నారు. ఆ పిల్లని నీళ్ళలో ముంచేసి, పుస్తకం మూసేసి, నా మానాన నేను వంటింట్లోకి పోనా? నాకు నోరు రాలేదు."

"చూపు వస్తుందని అన్నయ్యగారంటున్నారుగా, అప్పుడు ఆయనే చదువుకుంటే?"

వదినగారు గుమ్మం పట్టుకుని నిలబడ్డారు. "రాదు. నరం చచ్చిపోయిందని డాక్టరు నాతో చెప్పాడు. కాస్త టైం పడుతుందట అని ఆయనతో నేనన్నాను. ఆ ఒక్క మాట పట్టుకునే ఆయన లేచి కూర్చున్నారు. మీరెవరూ బయటపెట్టకండి, మీకు పుణ్యముంటుంది."

ఆ రోజు నుంచీ మా సభకి కొత్త పద్ధతి వచ్చింది. శుక్రవారం సాయంత్రం కూరలకని వచ్చి వదినగారు నా బల్ల దగ్గర ఆగుతారు. ఏం మార్చారో చెబుతారు. నేను మిగతా ముగ్గురికీ కబురందిస్తాను. "ఈ వారం ఎవర్ని బతికించారండీ వదినగారు?" అని పోస్టుమాన్ గారు పొద్దున్నే వచ్చి వాకబు చేసేవారు. ఒక దానిలో భార్య పోయినాయనకి మళ్ళీ పెళ్ళి చేశారు. ఇంకో దాంట్లో క్షయ రోగికి మందు పనిచేయించారు. ఒక హంతకుణ్ణి మాత్రం ఉరి నుంచి తప్పించలేదు. వాడికి ఆ శాస్తి కావలసిందేనన్నారు. రానురాను పార్లరమ్మ ముందు ఆవిడ కథ విని, ఆ తరవాతే అచ్చులో ఉన్నది చదవడం మొదలుపెట్టింది.

నాకు లోలోపల గుర్రుగానే ఉండేది. రాసినవాడు రాత్రింబవళ్ళు కూర్చుని రాసుకుంటే, మధ్యలో ఈవిడ పెత్తనమేమిటి? కానీ శుక్రవారం ఆవిడ రావడం ఆలస్యమైతే నేనే గుమ్మంలోకి వెళ్ళి చూసేవాణ్ణి.

ఒకసారి పాతకాలపు ఇంజనీరు జీవితచరిత్ర చదివాం. అందులోనూ ఆవిడ చెయ్యి పెట్టారు. లెక్కల మాస్టారు తల పట్టుకున్నారు. "నిజంగా పోయిన మనిషిని ఎలా బతికిస్తారమ్మా?"

"నేనేం బతికించలేదు మాస్టారూ. ముసలివాడయ్యాడు అని చదివి ఆపేశాను, అంతే."

ఇలా రెండేళ్ళు గడిచాయి. అప్పుడు లెక్కల మాస్టారికి కంట్లో శుక్లం వచ్చింది. ఆపరేషన్ భయంతో, ఒక కళ్ళ డాక్టరు మామూలు జనం కోసం రాసిన పుస్తకం తెచ్చి, ఈ వారం ఇదే చదువుదాం అన్నారు. ఆయన భయంలో ఆయనకి ఇంకేమీ తట్టలేదు. నాకు తట్టింది. నోరు విప్పేలోపే ప్రూఫుగారు, "భేష్! ఇదే కానిద్దాం," అన్నారు. వదినగారు పుస్తకం సంచీలో వేసుకున్నారు.

శుక్రవారం వచ్చినప్పుడు ఆవిడ మొహం పీక్కుపోయి ఉంది. "ఆరో అధ్యాయం చదవలేదు తమ్ముడూ. రేపు ఎవరూ దాని ఊసెత్తకండి." నేను ఆ అధ్యాయం చదివాను. చచ్చిపోయిన నరం గురించి ఉంది.

శనివారం అందరం ఆచితూచి మాట్లాడాం. మాస్టారు శుక్లాల అధ్యాయాన్ని మెచ్చుకున్నారు. పార్లరమ్మ కాటుక గురించి రెండు ముక్కలు చెప్పింది. పోస్టుమాన్ గారు జన్మలో మొదటిసారి ఆఖరి పేజీ జోలికి పోలేదు. ప్రూఫుగారు అన్నీ విని, బల్ల మీద పుస్తకం తడిమి దగ్గరికి లాక్కున్నారు.

"ఆరో అధ్యాయం ఎలా ఉంది?"

మాస్టారు నా వైపు చూశారు.

"మా ఆవిడ ఐదు కాగానే ఏడు చదివింది. నంబరు పలక్కపోతే నాకు తెలీదనుకుంది. పేజీలన్నీ ఒక్కసారిగా పట్టి తిప్పింది. ఆ చప్పుడు నాకు తెలీదూ? తను స్నానానికెళ్ళినప్పుడు, గుర్తుకి పెట్టుకున్న రెండు దారాల మధ్య తడిమి చూశాను. ఎనిమిది కాగితాలున్నాయి, పదహారు పేజీలు." ఆయన నా వైపు పుస్తకం తోశారు. "మీరు చదవండి."

నేను పుస్తకం తెరవకుండా వదినగారి వైపు చూశాను. వదినగారు బల్ల చుట్టూ తిరిగి వచ్చి పుస్తకం తీసుకున్నారు. "ఎవరో ఎందుకు? నేనే చదువుతాను," అన్నారు.

నిలబడే చదివారు. నరం చచ్చిపోతే చూపు తిరిగి రాదనీ, ఏ మందూ ఏ చుక్కలూ దాన్ని లేపలేవనీ రాసి ఉంది. లేని ఆశ పెట్టడం వల్ల, రోగి కర్ర పట్టుకుని ఒంటరిగా నడవడం నేర్చుకోవలసిన రోజులు వృథా అవుతాయని రాసి ఉంది. అక్కడ ఆవిడ ఆగారు. మళ్ళీ అదే వాక్యం మొదటి నుంచి చదివారు. పదహారు పేజీల్లో ఒక్క అక్షరం వదల్లేదు, ఒక్కటి కలపలేదు. అయిపోయాక ఆయన పక్క కుర్చీలో కూలబడ్డారు.

"మీకెప్పట్నుంచి తెలుసు?" అని అడిగారు.

"డాక్టరు గదిలోంచి వచ్చి, కాస్త టైం పడుతుందట అన్నావే, అప్పట్నుంచీ. నీ గొంతు నాకు తెలీదా?"

"మరి నాతో ఒక్క ముక్క అనలేదేం?"

"నువ్వు అంత కష్టపడి దాస్తుంటే ఎలా అనను? ఈ వారం నువ్వు సరిగ్గా అన్నం తినడం లేదు. ఇక చాలనిపించింది."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయారు. ప్రూఫుగారు చెయ్యి చాపి ఆవిడ మోచెయ్యి పట్టుకున్నారు.

"ఇంకోటి చెప్పాలి. మూడు పూటలా నా కళ్ళలో చుక్కలు వేస్తున్నావు చూడు, ఎవరో చెప్పారని తెప్పించావు. అవి ఇక వెయ్యకు. భగ్గున మండుతాయి."

వదినగారు తలెత్తారు. "మండుతుంటే రెండేళ్ళూ ఎలా వేయించుకున్నారండీ?"

"వేసినప్పుడల్లా, రేపటికి కనపడుతుందిలెండి అనేదానివిగా. ఆ మాట కోసం వేయించుకున్నాను."