అమ్మకు తీసుకున్న టికెట్టు

ఈ ఆషాఢంలో పెద్దాపురం మరిడమ్మ జాతరకు వెళ్లినప్పుడు, అప్పుడే దింపిన జీళ్ల పాకం వాసన తగిలేసరికి కాళ్లు అక్కడే ఆగిపోయాయి. నా ఏడెనిమిదేళ్ల వయసులో తొలకరికి తడిసిన ఆ వీధులూ, కాలివేళ్ల సందుల్లో పట్టే జిగట బురదా, వేడి బెల్లంపాకాన్ని మేకుకు తగిలించి సాగదీసే మనుషులూ, కనకాంబరాల బుట్టలూ, అమ్మవారి గరగ కుండలు నెత్తికెత్తుకున్నవాళ్ల వెంట డప్పులూ, వాటన్నిటికీ అవతల కిర్రుమంటూ తిరిగే నాలుగు పెట్టెల చెక్క రంగులరాట్నమూ ఒక్కసారిగా కళ్లముందుకు వచ్చాయి. అమ్మ నన్నూ తమ్ముణ్ణీ పెట్టెలో కూర్చోబెట్టి, చెల్లిని చంకనేసుకుని కింద నిలబడేది. తిరిగినంతసేపూ తలెత్తి చూస్తూనే ఉండేది. అమ్మకు రాట్నమంటే భయమని మేమంతా అనుకునేవాళ్లం; ఆ అనుకోవడం మాతోపాటే పెరిగి పెద్దదయింది.

నేను రిటైరైన మరుసటి వేసవిలో, ఎనిమిదేళ్ల మనవరాలు స్వాతి పట్టుబట్టడంతో హైదరాబాదు పొలిమేరల్లో కొత్తగా పెట్టిన థీమ్ పార్కుకు ప్రయాణం పెట్టుకున్నాం. ముందుగా కరపత్రం తెప్పించి, టికెట్ల రకాలను డైరీలో గీతలు గీసి రాసుకున్నాను. లోపలికి వెళ్లి చూసి రావడానికి ఒకటి, అన్నీ ఎక్కడానికి ఒకటి. పిల్లలకైతే వయసుతో పనిలేదు, ఎత్తును బట్టి. అందుకని స్వాతిని గుమ్మానికి ఆనించి కొలిచాను. మూడు రోజులు ఆలోచించి, మా అందరికీ అన్నీ ఎక్కే టికెట్టూ, డెబ్బై ఎనిమిదేళ్ల అమ్మకు చూసి వచ్చే టికెట్టూ అని తేల్చాను. ఎక్కని మనిషికి పెద్ద టికెట్టు దండగ అన్నాను. అత్తయ్యగారు ఏం ఎక్కుతారులెండి అంది మా ఆవిడ. పక్కగదిలో వత్తులు చేసుకుంటున్న అమ్మను మాత్రం ఎవరమూ అడగలేదు.

పార్కులో జెయింట్ వీల్ దగ్గర అమ్మ కూడా మాతోపాటు వరసలో నిలబడింది. కొంగు బిగించి నడుముకు దోపుకుని, స్వాతి చెయ్యి పట్టుకుంది. అక్కడి కుర్రాడు, మాటతీరును బట్టి మన వైపువాడే, మా చేతులకు కట్టిన రంగు కాగితాలు చూసి ఒక్కొక్కరినీ పంపుతూ అమ్మ దగ్గర ఆగాడు.

"మామ్మగారూ, మీది చూడ్డానికేనండి. ఎక్కడానికి కాదండి."

టికెట్టు మార్చాలంటే మళ్లీ మొదటి గేటు దాకా వెళ్లాలట. వెళ్లొస్తానన్నాను. అమ్మ ఒప్పుకోలేదు.

"ఈ ఎండలో ఎందుకురా. నేను ఎక్కుతానని నీకేం తెలుసు?" అంది. స్వాతి చెయ్యి వదిలి, "అప్పట్లో చెల్లి చంకలో ఉండేది నాన్నా. ఎవరికిచ్చి ఎక్కను? భయమై కాదు" అంది.

మా సంచులూ, మా ఆవిడ కళ్లజోడూ తీసుకుని వెళ్లి సిమెంటు బల్ల మీద కూర్చుంది. అప్పుడైనా నేను గేటు దాకా వెళ్లవలసింది. వెనక జనం తోస్తున్నారు, ముందు స్వాతి లాగుతోంది, ఎక్కేశాను. పైనుంచి చూస్తే అమ్మ వేలెడంత కనిపించింది. నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మమ్మల్నే చూస్తోంది.

మరోసారి తీసుకువద్దామనుకున్నాను. ఆ కార్తీకం దాటకుండానే అమ్మ వెళ్లిపోయింది.

జాతరలో ఇప్పుడు చెక్క రాట్నం లేదు, దాన్ని చేత్తో తోసే మనుషులూ లేరు. ఆ చోట రంగు దీపాల ఇనుప చక్రం తిరుగుతోంది. దాని కింద ఒక అమ్మాయి, చంకలో పసిపిల్లతో, పైనున్న కొడుకునే చూస్తూ నిలబడింది.

"పాపను నేను ఎత్తుకుంటానమ్మా, ఇక్కడే ఉంటాను. నువ్వూ ఓ చుట్టు తిరిగి రా" అన్నాను.

"వద్దులెండి తాతగారూ, నాకు భయం" అంది నవ్వుతూ.

నిజంగా భయమేనా అని అడగబోయి ఊరుకున్నాను. అరవై ఏళ్లు పక్కనే ఉన్న అమ్మను ఆ మాట ఒక్కసారీ అడగలేదు.