ఆమె ఓడ దిగలేదని చెప్పాను

మొన్న సిరిసిల్ల నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. కొన్నాళ్లుగా తను అక్కడ, నేను ఇక్కడ జగిత్యాలలో ఒకే అంతరిక్ష సీరియల్ చూస్తున్నాం. మొదటి నుంచీ ఓడను నడిపిస్తున్న ఆమె చేత ఆ వారం భాగంలో అలసిపోయానని చెప్పించి, ఓడను ఆమె కింద పనిచేసేవాడికి ఇప్పించేశారు. మా అమ్మాయి కోపంగా అభిమానుల గ్రూపులో నాలుగు మాటలు రాస్తే, ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి, ఉత్త కథకే ఇంత ఏడుపా అని వెక్కిరించాడట. రాసింది తీసెయ్యనా అని అడిగింది.

"ఎందుకు తీస్తవు బిడ్డ? ఇంకో నాలుగు రాయి" అన్నాను. అలా అనే హక్కు నాకెలా వచ్చిందో నా ఈడువాళ్లకు చెప్పుకోవాలనిపించింది.

నేను తొమ్మిదో తరగతి చదివేటప్పుడు మేం కోరుట్లలో ఉండేవాళ్లం. మా నాయిన దుబాయిలో ఉండేవాడు. అమ్మ, పెద్దమ్మ, వాడలోని ఆడవాళ్లు మా అరుగు మీద కూర్చుని బీడీలు చుట్టేవాళ్లు. వాడ మొత్తానికి టీవీ దొరసాని ఇంట్లోనే ఉండేది. ఆదివారం పొద్దున అందులో హిందీలో ఒక అంతరిక్ష సీరియల్ వచ్చేది, ఓడ నడిపేది ఒక ఆడమనిషి. మా వాళ్లకు బజారు హిందీ తెలుసు గానీ గ్రహాల హిందీ తెలియదు. బడిలో హిందీ బాగా చదువుతానని నన్ను ముందు కూర్చోబెట్టి తెలుగులో చెప్పించుకునేవాళ్లు. ఉల్కల వాన అంటే ఏమిటో చెప్పలేక నేను వడగళ్లతో పోలిస్తే, పెద్దమ్మ ఓడ పైకప్పు గట్టిదేనా అని కంగారుపడటం ఇంకా కళ్లముందే ఉంది.

ఒక ఆదివారం ఆ ఓడకు కొత్త అధికారి వచ్చాడు. ఆడదాని చేతిలో ఇందరి ప్రాణాలు పెట్టలేమన్నాడు. ఆమె తలవంచుకుని సరేనని కుర్చీ దిగింది.

"ఏమంటాందే?" అని వెనక నుంచి పెద్దమ్మ అడిగింది.

అందరినీ ఉల్కల్లోంచి బతికించి తెచ్చింది ఆమే కదా, నాకు ఆ సరే అన్న మాట నోట్లోంచి రాలేదు. "నేను దిగ, నువ్వే దిగు అంటాంది" అన్నాను. ఆడవాళ్లంతా సంబరపడ్డారు.

దొరసానికి హిందీ వచ్చు. "అబద్ధం జెప్తున్నవేందే? ఆమె సరే అన్నది" అంది.

లేచి నిలబడ్డాను. "ఆమె గట్ల అనది దొరసానీ. రాసినోళ్లే తప్పు రాసిండ్రు" అన్నాను. ఎదురు మాట్లాడుతున్నావా అంటూ ఆమె నన్ను బయటికి పొమ్మంది. అమ్మ సిగ్గుతో తల దించుకుంది. పెద్దమ్మ మాత్రం నాతోపాటు లేచి వచ్చేసింది.

తప్పయిందని చెప్పి రమ్మని అమ్మ ఎంత పోరినా నేను పోలేదు. ఆ సాయంత్రం పెద్దమ్మ తునికాకు కత్తిరిస్తూ, "మరి దిగనన్నంక ఏమైంది?" అని అడిగింది. నాకేం తెలుసు? అయినా మొదలుపెట్టాను. తర్వాతి వారం నుంచి మిగతావాళ్లు పొద్దున దొరసాని ఇంట్లో సీరియల్ చూసి, నేరుగా మా అరుగు మీదికి వచ్చి, ఆడ చూసింది ఇడిసిపెట్టు, నువ్వు జెప్పు అనేవాళ్లు. నా మీద కోపంతో లోపలే ఉండిపోయే అమ్మ, ఒకరోజు నేను ఒక పాత్రను మరిచిపోతే వంటింట్లోంచే, "మరి గా డాక్టరమ్మ ఏడికి పోయింది?" అంది. అసలు సీరియల్ అయిపోయినా నాది పదో తరగతి పరీక్షల దాకా నడిచింది. మళ్లీ రమ్మని దొరసాని కబురు పంపింది గానీ నేను ఆ గడప తొక్కలేదు, అందుకు ఇవాళ్టికీ విచారం లేదు.

పెద్దమ్మ పోయింది, ఆ అరుగూ పోయింది. ఇప్పుడు ఎవరి తెర వాళ్లది. నచ్చకపోతే వేలితో జరిపేసి ఇంకోటి పెట్టుకుంటాం. ఆ సుఖాన్ని కాదనను. కానీ నచ్చని కథను పదిమంది కలిసి మార్చుకున్న రోజులు నేను చూశాను. రాసినవాడి మాటే ఆఖరి మాట అని ఆ ఆడవాళ్లకు ఎవరూ చెప్పలేదు. నాకు చాలామంది చెప్పారు, నేను ఒప్పుకోలేదు.