ఇరవై ఒక్క టిక్కులు

ఫిబ్రవరి 11, మంగళవారం. కరీంనగర్. ఉదయం పదకొండు గంటలు. డాక్టరమ్మ గదిలో ఉన్నవారు: డాక్టరమ్మ, నర్సు, నా భార్య, ఇచ్చోడ నుంచి వచ్చిన ఆమె చెల్లెలు, నేను.

ఆ రోజు డైరీలో ఇంతవరకు రాసి కలం మూసేశాను. ఉద్యోగంలో చేరిన ఏడాది నుంచి ఒక్క రోజు తప్పకుండా రాస్తున్నవాణ్ని. జ్వరంలో రాశాను, బాపు పోయిన రోజు కూడా రాశాను. పేజీ మధ్యలో ఆపింది ఆ ఒక్క రోజే. ఆపిన చోటి నుంచి ఇప్పుడు రాస్తున్నాను.

నా భార్యకు తొమ్మిదేళ్లుగా షుగరు. ఆ తొమ్మిదేళ్లూ నా డైరీలో ఆమెకు వేరే గడులు ఉన్నాయి. పరగడుపు షుగరు, మాత్రలు, నడక, పాదాలు. షుగరు ఉన్నవాళ్ల కాళ్లకు దెబ్బ తగిలినా తెలియదని, రోజూ చూసుకోవాలని మొదట్లోనే చెప్పారు. నేను రోజూ సాయంత్రం ఆరున్నరకు కుర్చీలో కూర్చొని, వంటింటి వైపు తిరిగి అడిగేవాణ్ని.

"పాదాలు?"

"మంచిగున్నయి."

టిక్కు పెట్టేవాణ్ని.

జనవరిలో నాలుగు రోజులు చెల్లెలి ఊరికి పోయి వస్తానన్నది. షరతులు రాసి ఇచ్చాను. చెప్పుల్లేకుండా నడవరాదు, చేను వైపు పోరాదు, నాలుగో రోజు మధ్యాహ్నం బస్సుకు బయలుదేరాలి. ఆ కాగితాన్ని మడిచి పర్సులో పెట్టుకున్నది. చెప్పిన రోజున, చెప్పిన బస్సుకే తిరిగి వచ్చింది. నా ఏర్పాటు బాగా పనిచేసిందని ఆ రోజు రాసుకున్నాను.

వచ్చిన మరునాటి నుంచి ఇంట్లో కూడా సాక్సులు వేసుకోవడం మొదలుపెట్టింది. అడిగితే చలి అన్నది. జనవరి 22న నేను రాసిన వాక్యం ఇది: "సాక్సులు వేసుకుంటున్నది. మంచి అలవాటు. చెప్పగా చెప్పగా వింటున్నది."

ఫిబ్రవరి పదిన మరదలు వచ్చింది. ఆమె బిడ్డ పెళ్లి ఇరవై మూడున. అక్కను వెంటబెట్టుకొని చీరలు కొనాలని వచ్చింది. మరునాడు పొద్దున నేను పేపరు చదువుతుంటే స్నానాల గది దగ్గర నుంచి కేక వినబడింది.

"బావా! ఇటు రా! గీ కాలు చూసినవా?"

పోయి చూశాను. కుడికాలు బొటనవేలి కింద రూపాయి బిళ్ళంత పుండు. చుట్టూ నల్లబడింది. వాసన వస్తున్నది. నా భార్య తడి సాక్సును చేతిలో ముద్దగా పట్టుకొని గోడ వైపు చూస్తున్నది.

"ఫోన్ల మానింది అన్నవ్ గదనే," అని మరదలు ఏడుస్తున్నది. "దీన్నేనా మానుడంటరు?"

నేను ఆ నిమిషంలో ఏం చేశానో దాచకుండా రాయాలి. లోపలికి పోయి డైరీ తెచ్చుకున్నాను. ఆటోలో దాన్ని ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాను.

డాక్టరమ్మకు ముప్పై అయిదేళ్లు ఉంటాయేమో. గాయాన్ని నీళ్లతో కడిగి చూసి, "ఎన్ని రోజులైందమ్మా?" అని నా భార్యను అడిగింది. నా భార్య నోరు తెరవకముందే నేను పేజీ తెరిచాను.

"నిన్నటి దాక ఏమీ లేదండి. జనవరి ఇరవై ఒకటి నుంచి ప్రతి సాయంత్రం అడిగి రాశాను. చూడండి, బాగున్నాయనే ఉంది."

డాక్టరమ్మ ఆ టిక్కుల వరుస చూసింది. తర్వాత నన్ను చూసింది.

"అడిగి రాసిండ్రా సార్, చూసి రాసిండ్రా?"

మరదలు కళ్లు తుడుచుకుంటూనే అన్నది: "గా బుక్కుల కాలు మంచిగనే ఉంది డాక్టరమ్మా. గీ కాలే పాడైంది."

నర్సు నవ్వు ఆపుకోలేక దూది డబ్బా వైపు తిరిగింది.

డాక్టరమ్మ మళ్లీ నా భార్యనే అడిగింది. నా భార్య ముందు నా ముఖం వైపు చూసింది. తన కాలికి ఎప్పుడు దెబ్బ తగిలిందో చెప్పడానికి, అరవై మూడేళ్ల మనిషి, నా అనుమతి కోసం చూసింది. ఆ చూపు నేను ఇంట్లో ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. నలుగురి ముందు చూడటం అదే మొదలు.

"సార్, మీరు జర బయట కూర్చోండి," అన్నది డాక్టరమ్మ.

బయట అంటే తెర అవతల బల్ల. అన్నీ వినబడతాయి. చెల్లెలి చేనులో పత్తి కట్టె కొట్టేశారని, నేలలో కొయ్యలు మిగిలాయని, వాటి మధ్య నడుస్తుంటే చెప్పు తెగిందని, కొయ్య దిగినట్టు కూడా తెలియలేదని, ఇంటికి వచ్చి రక్తం చూశాకే అర్థమైందని చెప్పింది. ఆగకుండా చెప్పింది. నాతో మాట్లాడేటప్పుడు ఆమె మాటలు రెండు మూడుకు మించవు. ఆమెకు మాటలు తక్కువని చుట్టాలందరికీ నేనే చెప్పేవాణ్ని.

"మరి ఇంట్ల సార్‌కు ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెప్తె పెండ్లికి పోనియ్యడు. ఒకపారి అంగట్ల కండ్లు తిరిగినయని చెప్పిన. గా నాటి నుంచి ఒక్కదాన్ని అంగడికి పోనియ్యలే. మోకాలు నొస్తుందంటె మేడ మెట్లు బందు. నేను ఊకనే దాస్తనా? చెప్పినప్పుడల్లా ఒకటి బందైంది డాక్టరమ్మా."

కోపంతో అనలేదు. కూరలో ఉప్పు ఎక్కువైందని చెప్పినట్టు చెప్పింది. నేను బల్ల మీద డైరీని బోర్లా పెట్టాను.

చచ్చిన చర్మం కోసి, శుభ్రం చేసి, కట్టు కట్టడానికి ముప్పావు గంట పట్టింది. ఇంకో వారం ఆలస్యమైతే వేలు దక్కేది కాదన్నారు. నన్ను లోపలికి పిలిచాక కూడా డాక్టరమ్మ నా భార్యతోనే మాట్లాడింది.

"రోజు కట్టు మార్చుకోవాలె. కాలు కింద ఆనియ్యొద్దు. మానుతుంటే, కుర్చీల కూర్చుంటనంటే పెండ్లికి పోవచ్చు. నొప్పి పెరిగినా, జ్వరమొచ్చినా పోవద్దు. అది తెలిసేది మీకే. మీరే చెప్పాలె."

"వద్దండి" అనే మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. మరదలు నన్నే చూస్తున్నది. నేను నేల వైపు చూశాను. అది సంయమనం కాదు. సిగ్గు.

మధ్యాహ్నం అక్కాచెల్లెళ్లు భోంచేసి పడుకున్నాక అలమారలోని పాత డైరీలు దించాను. ఆమె తప్పు చెప్పిందేమోనని చూశాను, అది కూడా రాయాలి. ఆమె తప్పు చెప్పలేదు. కళ్లు తిరిగిన రోజు ఉంది. దాని కింద నా అక్షరాలు, ఆఫీసు ఉత్తర్వులాగా: "ఇకపై ఒంటరిగా అంగడికి పోరాదు." మోకాలి నొప్పి కింద మరో "ఇకపై". పక్కింటివాళ్ల పేరంటంలో లడ్డు తిన్నానని ఆమె నవ్వుతూ చెప్పిన రోజు కింద ఇంకొకటి. ఆ తర్వాతి పేజీల్లో ఆమె లడ్డు తిన్నట్టు ఎక్కడా లేదు. తినలేదనే అప్పుడు అనుకున్నాను. అక్కడితో చదవడం ఆపేశాను.

రిటైరు కాకముందు నా ఉద్యోగం వాన కొలవడం. మండల ఆఫీసు ఆవరణలో వానమాపకం ఉంటుంది. పొద్దున ఎనిమిదిన్నరకు దాని దగ్గరికి పోయి, నీళ్లు కొలిచి రాయాలి. ఇచ్చోడలో, తర్వాత చొప్పదండిలో అదే పని. చొప్పదండిలో ఒకసారి నా కింది ఉద్యోగి వానమాపకం దగ్గరికి పోకుండానే "వాన లేదు" అని రాశాడు. రాత్రి జల్లు పడింది, లోపల నీళ్లున్నాయి. ఆఫీసు అందరి ముందు అతణ్ని నిలబెట్టాను. "కండ్లతో చూడనిది కాయితం మీద ఎట్ల పెట్టినవయ్యా?" అన్నాను. నాకంటే రెండేళ్లు పెద్దవాడు. తల వంచుకొని నిలబడ్డాడు. ఆ సంగతి ఎన్నో పెళ్లిళ్లలో, నా నిజాయితీకి ఉదాహరణగా చెప్పాను. విన్నవాళ్లలో నా భార్య కూడా ఉంది.

వంటింటికీ నా కుర్చీకీ మధ్య పదడుగులు ఉంటాయి. ఇరవై ఒక్క సాయంత్రాలు నేను లేచి ఆ పదడుగులు వేయలేదు. ఆమె నాకు అబద్ధం చెప్పిందని పొద్దున ఆటోలో మనసులో కుతకుతలాడాను. నాకు కావలసింది ఆమె కాలు బాగుండటం కాదు, గడి నిండటం. ఆమె నాకు అదే ఇచ్చింది.

సాయంత్రం ఆరున్నర అయింది. అడగలేదు. ఏం చేయాలో తోచక చెట్లకు నీళ్లు పోశాను.

పన్నెండో తేదీ, బుధవారం పొద్దున. మరదలు మొదటి బస్సుకు పోయింది. నా భార్య మంచం మీద కూర్చొని కాలు స్టూలు మీద పెట్టుకొని కట్టు విప్పుతున్నది. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. చేతులు కడుక్కున్నావా, దూది కొత్తదేనా, కత్తెర మరిగించావా, మూడు ప్రశ్నలు గొంతులోనే ఉన్నాయి.

"గట్ల నిలబడకపోతె, జర లైటు పట్టరాదు?" అన్నది.

ఫోను లైటు వేసి కింద కూర్చున్నాను. తొమ్మిదేళ్లలో ఆమె అరికాలును అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి. మడమ అంతా పగుళ్లు. పుండు ఎర్రగా ఉంది, నిన్నటి వాసన లేదు. ఆమె నెమ్మదిగా తుడుస్తున్నది.

"రాత్రి నుంచి జర సలుపుతుంది," అన్నది, నేను అడగకుండానే. అని, చెయ్యి ఆపి నా ముఖం చూసింది. ఏది బందు పెడతాడో అని చూసింది.

లైటును పుండు మీదికి సరిగ్గా తిప్పాను. "మరి ఏం చేద్దామంటవ్?" అన్నాను.

"గోలీ ఏసుకుంట. రెండు రోజులు చూస్త. తగ్గకపోతె డాక్టరమ్మకు నేనే ఫోన్ జేస్త. తగ్గితె మాత్రం పెండ్లికి పోత."

"మంచిది."

ఆమె కొత్త కట్టు చుట్టుకుంటూ, ఒక కొనను నా వేలి కింద పెట్టి, "గట్టిగ వత్తకు, ఊకనే పట్టుకో," అన్నది. పట్టుకున్నాను. ముడి వేయడం అయిపోయింది.

"నేను గూడ రావాల్నా పెండ్లికి?" అని అడిగాను. అట్లా ఎప్పుడూ అడిగి ఎరుగను. ఇద్దరం ఎప్పుడు ఎక్కడికి పోవాలో నేనే చెప్పేవాణ్ని.

కాలు నెమ్మదిగా స్టూలు మీద సర్దుకున్నది.

"రా," అన్నది. "గా బుక్కు ఇంట్ల పెట్టి రా."